చచ్చినవాడు సీటు దిగకూడదు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. మాది కార్వాన్‌లో బర్రెల కొట్టం ఉన్న ఇల్లు. తెల్లవారకముందే లేచి పాలు పిండే ఇంట్లో చీకటికి భయపడుతూ కూర్చుంటే పని నడవదు. పురానాపూల్ దగ్గర శ్మశానం పక్క నుంచి పచ్చగడ్డి ఆటోలో ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. అక్కడ నాకు కనబడినవి కుక్కలు, తాగి పడిపోయినవాళ్లు, అంతే. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్లిపోయే రకం నేను. మా ఆవిడ లత దాన్ని పొగరు అంటుంది.

అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం కోపం లేదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్నే.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కంప్యూటర్ మీద పాతకాలపు యుద్ధ విమానాలు నడపడం నా పిచ్చి. వీడియో గేమ్ అనకండి, నా స్నేహితుడు ముజీబ్ భాయ్ వింటే ఆ రోజంతా మాట్లాడడు. దీన్ని సిమ్యులేటర్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా మీద ఎగిరిన స్పిట్‌ఫైర్ విమానం నిజంగా ఎట్లా నడిచేదో, ఎట్లా మొండికేసేదో, ఇందులోనూ అట్లాగే చేస్తుంది. బటన్ నొక్కగానే గాల్లోకి లేవదు. ఇంజిన్ స్టార్ట్ చేయడమే ఒక పెద్ద తతంగం. నేల మీద ఎక్కువసేపు ఆపితే వేడెక్కి అక్కడే ఆగిపోతుంది. ముక్కు పొడుగు కాబట్టి ఎదురుగా దారి కనబడదు, అటూ ఇటూ వంకర్లు తిప్పుకుంటూ రన్‌వే దాకా పోవాలి. నేను మొదటి నెలంతా నేల మీదనే విమానాలు బోర్లా వేశాను.

ఈ పిచ్చి నాకు అంటించింది ముజీబ్ భాయే. ఆయనకు పత్తర్‌గట్టిలో లేసులు, జరీ అంచుల హోల్‌సేల్ దుకాణం ఉంది. మా చెల్లె పెళ్లికి చీరల అంచులు కొనడానికి పోయినప్పుడు, జరీ రీళ్ల వెనక గోడకు ఒక విమానం లోపలి మీటర్ల పెద్ద బొమ్మ అంటించి ఉంది. ఇదేంటని అడిగాను. అడిగినందుకు సాయంత్రం దాకా చెప్పాడు. అంచులు కొనకుండానే ఇంటికి వచ్చాను. అమ్మ చేత పడ్డ తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. పని విషయంలో మాత్రం మహా మొండి. విమానం నడిపితే పైలట్లు కూర్చున్నట్టే కూర్చోవాలని పట్టుబట్టి, వడ్రంగితో ప్లైవుడ్ పెట్టెలు చేయించాడు. తనకొకటి, నాకొకటి, అఫ్జల్‌గంజ్‌లో పైపుల దుకాణం ఉన్న సుధాకర్‌కొకటి. పెట్టెలో పాత కారు సీటు, కాళ్ల మధ్య స్టిక్, కాళ్ల కింద పెడల్స్, ఎదురుగా తెర. పైన జరిగే మూత. నిజం విమానంలో అది అద్దంతో ఉంటుంది, దాన్నే హుడ్ అంటారు. మాది ఉత్త ప్లైవుడ్. సొరుగులకు వేసే ఇనుప చానెళ్ల మీద వెనక్కీ ముందుకీ జరుగుతుంది. మూసుకుంటే లోపల తెర వెలుగు తప్ప ఇంకేమీ ఉండదు. భుజాలు రెండు పక్కలా తగులుతుంటాయి.

నా పెట్టె మా ఇంటి వెనక, ఒకప్పుడు పాల క్యాన్లు పెట్టుకున్న గదిలో ఉంటుంది. రాతి గోడలు, ఇనుప తలుపు, కిటికీ లేదు. లోపల అరిస్తే బయట బర్రెకు కూడా వినబడదు. మా నాన్నకు, అదే బాపుకు, ఈ వ్యవహారం నచ్చదు. లత అయితే నేను పెట్టెలోకి దిగుతుంటే చూసి, పైన నాలుగు పూలు కూడా వేయమంటావా అని అడిగేది.

మేం ముగ్గురం ఆదివారం మధ్యాహ్నాలు ఎగిరేవాళ్లం. ఆ రోజు హోల్‌సేల్ దుకాణాలు ఉండవు, నాకు సాయంత్రం పాలు పిండేదాకా పని ఉండదు. ఎవరి పెట్టెలో వాళ్లు, నెట్ ద్వారా ఒకే ఆకాశంలో. చెవులకు హెడ్‌ఫోన్లు, మూతి దగ్గర మైకు. సుధాకర్ కంప్యూటర్ మీద ఆట నడిచేది, మా ఇద్దరివి దానికి కలిసేవి. శత్రు విమానాలను కంప్యూటరే నడుపుతుంది. ముజీబ్ భాయ్ మా లీడరు.

ఆయన పెట్టిన రూల్స్ కొన్ని ఉన్నాయి. ఫోన్లు పెట్టె బయటే ఉండాలి. అవసరం లేని ముచ్చట్లు రేడియోలో పెట్టొద్దు. అన్నింటికంటే ముఖ్యమైనది, చచ్చినవాడు సీటు దిగకూడదు.

అంటే, శత్రువు మన విమానాన్ని కూల్చేస్తే తెర నల్లబడుతుంది. మామూలు గేమ్‌లో అయితే మళ్లీ మొదలుపెట్టుకుంటాం, లేదా లేచి చాయ్ తాగుతాం. మేం అట్లా చేయకూడదు. మైకు బంద్ చేసి, హుడ్ మూసి ఉంచి, మిగతావాళ్లు దిగేదాకా ఆ చీకట్లో కూర్చోవాలి. వాళ్ల మాటలు వినొచ్చు, మనం మాట్లాడకూడదు. వాళ్లు కూడా మనల్ని పలకరించకూడదు. చావు అంటే ఇంత అని ఒంటికి తెలిస్తేనే మరుసటిసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతామని ఆయన వాదన. మొదట్లో నేనూ సుధాకర్ మస్తు లొల్లి చేశాం. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే, ఆ రూల్ వచ్చాకే మేం సరిగ్గా నడపడం నేర్చుకున్నాం.

ముజీబ్ భాయ్ కూడా ఎన్నోసార్లు చచ్చాడు. ఒకసారి గంటకు పైగా చీకట్లో కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు వాళ్లింట్లో దావత్ ఉందని మాకు తర్వాత తెలిసింది. రూల్ అంటే ఆయనకు అంత పట్టుదల. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ మనిషి ఎట్లాంటివాడో తెలియకపోతే నేనెందుకు భయపడ్డానో మీకు తెలియదు.

ఆ ఆదివారం పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చింది. ఎండ బాగా ఉంది. భోజనం చేసి పెట్టెలోకి దిగాను. ముగ్గురం వరుసగా లేచాం. ముజీబ్ భాయ్ ముందు, నేను వెనక, సుధాకర్ ఇంకొంచెం వెనక. ఎటు తిరగాలో, ఎంత ఎత్తుకు పోవాలో ఆయన చెప్పాడు. తర్వాత దట్టమైన మబ్బులోకి పోయాం. మబ్బులో పక్కవాడి విమానం కనబడదు, మీటర్లు చూసుకుంటూ పోవడమే. రేడియోలో ఎవరూ మాట్లాడలేదు. అది మామూలే.

మబ్బు దాటి బయటికి వచ్చేసరికి ముజీబ్ భాయ్ విమానం కనబడలేదు. ఇంకా ముందుకు పోయి ఉంటాడు అనుకున్నాను. వెతికేంత టైం కూడా దొరకలేదు. వెనక నుంచి రెండు విమానాలు మీద పడ్డాయి. నేను తిప్పుకునేలోపే తెర ఎర్రగా అయి, నల్లబడింది. చచ్చిపోయాను. మైకు బంద్ చేసి సీటుకు ఆనుకున్నాను. సుధాకర్ గొంతు వినబడింది, మల్లేశ్ పోయిండు అని. మల్లేశ్ నేనే.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. సుధాకర్ ఒక్కడే ఎక్కడో కొట్లాడుతున్నాడు. చీకట్లో కూర్చుంటే టైం ఎంతైందో తెలియదు. నేను నిద్రపోయానేమో అని మీకు అనుమానం రావొచ్చు. నాకూ వచ్చింది. కానీ నాకు ఆ పూట కాలి మీద దద్దురు లేచి ఒకటే దురద. గోక్కోవడానికి వంగే జాగా లేక రెండో కాలితో రుద్దుకుంటూ ఉన్నాను. ఆ దురదలో నిద్ర పట్టే మాటే లేదు.

అప్పుడు ముజీబ్ భాయ్ గొంతు వచ్చింది. హుడ్ జరగడం లేదు అన్నాడు.

చాలా మామూలుగా అన్నాడు. విమానం దెబ్బతిన్నప్పుడు చెప్పే పద్ధతిలోనే చెప్పాడు. మా సిమ్యులేటర్‌లో హుడ్ ఇరుక్కోవడం కూడా ఉంటుంది. గుళ్లు తగిలితే అది జామ్ అవుతుంది, పారాచూట్‌తో దూకడానికి వీలుండదు. పాపం, ఇరుక్కుపోయాడే అనుకుని ఆసక్తిగా వింటున్నాను.

కాసేపటికి మళ్లీ అన్నాడు. నూకుతున్నాను, రావడం లేదు అని. ఇంకాసేపటికి చేయి లేవడం లేదన్నాడు. ఒక్కో మాటకూ మధ్య చాలా ఖాళీ. ఆ ఖాళీలో ఊపిరి వినబడుతోంది. ఊపిరి వెనక ఇంకో సప్పుడు ఉంది. డుగ్ డుగ్ డుగ్ అని, ఆగకుండా. స్పిట్‌ఫైర్ ఇంజిన్ సప్పుడు నాకు నిద్రలో అడిగినా తెలుసు. అది వేరే. ఇది ఏదో చిన్న మోటారు, చాలా దగ్గరగా పెట్టి నడుపుతున్నట్టు ఉంది.

నాకు కోపం వచ్చింది సుధాకర్ మీద. లీడర్ అంత కష్టంలో ఉంటే ఒక్క జవాబైనా ఇవ్వడేంటి? బతికి ఉన్నది వాడొక్కడే, మాట్లాడే హక్కు వాడికే ఉంది. మధ్యలో వాడి గొంతు ఒకసారి వచ్చింది కూడా, పెట్రోల్ తగ్గింది, వెనక్కి పోతున్నాను అని. ముజీబ్ భాయ్ మాట అసలు విననట్టే మాట్లాడాడు.

ఆ మాట తర్వాత ముజీబ్ భాయ్ గొంతు మారింది. రేడియోలో చెప్పే గొంతు కాదు. దుకాణంలో నా ఎదురుగా కూర్చుని చెప్పినట్టు, నా పేరు పెట్టి పిలిచాడు.

"మల్లేశ్. నువ్వు లే."

నేను కదలలేదు. నన్ను పరీక్షిస్తున్నాడని అనుకున్నాను. ఆ మనిషి చచ్చినవాడితో మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

"రూల్ గీల్ పక్కన పెట్టు. చచ్చినా సరే, లే మల్లేశ్."

అప్పుడు భయం వేసింది. ఇందులో దయ్యం ఆలోచన ఏమీ లేదు. ఆ మనిషి ఆ మాట అనడు. ప్రాణం మీదికి వస్తే తప్ప అనడు. ఇది ఆట కాదని నాకు ఆ క్షణంలో అర్థమైంది. మైకు ఆన్ చేసి, భాయ్, ఏమైంది అని అడిగాను. జవాబు లేదు, ఊపిరీ డుగ్ డుగ్ సప్పుడూ తప్ప.

లేవడానికి హుడ్‌ను వెనక్కి నూకాను. జరగలేదు.

అది ఎప్పుడూ ఒక చేత్తో జరిగే మూత. రెండు చేతులతో నూకాను. భుజం ఆనించి నూకాను. అంగుళం కూడా కదల్లేదు. చెవిలో ఆయన ఊపిరి ఇంకా వస్తోంది. నాది కూడా అంతే పెద్దగా వినబడుతోంది, ఏది ఎవరిదో తెలియడం లేదు. లతా అని అరిచాను. ఆ గదిలో అరిస్తే ఎవరికీ వినబడదని నాకు తెలుసు, అయినా అరిచాను. బాపును పిలిచాను. తెర నల్లగా ఉంది, చేతులు కనబడటం లేదు. మూత సందులో వేళ్లు పెట్టి లాగితే రెండు గోర్లు లేచిపోయాయి. నొప్పి తర్వాత తెలిసింది. ఇక్కడే చచ్చిపోతానని నిజంగా అనుకున్నాను. నలభై ఏళ్ల వయసులో అంత భయం నేను ఎరగను. ఏడ్చాను కూడా, అది దాచను.

ఇక చేతకాక వదిలేసి చేతులు కిందికి దించాను. అప్పుడు మూత జరిగింది. నేను నూకలేదు. సొరుగు తెరిచినట్టు సాఫీగా వెనక్కి పోయింది. గదిలోని బల్బు వెలుగు ముఖం మీద పడింది.

తర్వాత ఆ చానెళ్లను నేను చూశాను, వడ్రంగిని పిలిపించి చూపించాను. వంకర లేదు, తుప్పు లేదు, ఒక వేలితో జరుగుతోంది. వానాకాలం కూడా కాదు, చెక్క ఉబ్బిందనడానికి.

బయటికి వచ్చి ముజీబ్ భాయ్‌కి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. సుధాకర్‌కి చేశాను, వాడూ ఎత్తలేదు. వాళ్ల ఫోన్లు పెట్టె బయటే ఉంటాయి కదా. చేతికి గుడ్డ చుట్టుకుని బండి తీశాను. పురానాపూల్ దాటి, హైకోర్టు ముందు నుంచి మదీనా చౌరస్తాకు వచ్చేసరికి చార్మినార్ చూడటానికి వచ్చిన జనంతో రోడ్డు నిండిపోయి ఉంది. బండి అక్కడే ఎవరివో బండ్ల మధ్య నిలబెట్టి పరుగెత్తాను.

ముజీబ్ భాయ్ దుకాణం పాత బిల్డింగ్‌లో మెట్లెక్కి పోతే మొదటి అంతస్తులో ఉంటుంది. దుకాణం వెనక, సరుకు పెట్టుకునే చిన్న గదిలో ఆయన పెట్టె. ఆదివారం బిల్డింగ్‌లో దుకాణాలన్నీ బంద్. కింద, రోడ్డు వైపు తలుపులు తెరిచి ఉన్న ఒక్క దర్జీల కార్ఖానా నడుస్తోంది, పెళ్లి బట్టలకు తొందర కాబట్టి. కరెంటు లేదు. కార్ఖానావాళ్లు జనరేటర్ పెట్టుకున్నారు. ఎండకు బయట పెట్టలేక మెట్ల కింద పెట్టారు.

డుగ్ డుగ్ డుగ్ అని మోగుతోంది. నా హెడ్‌ఫోన్లో విన్నది అదే సప్పుడు.  జనరేటర్ బంద్ చేయమని అరుస్తూ పైకి పోయాను. మెట్ల మీద పొగ మరీ కనబడలేదు గానీ గొంతులో మంట పుట్టింది.

దుకాణం షట్టర్ లోపల నుంచి గొళ్లెం పెట్టి ఉంది. కొట్టినా పలకలేదు. కార్ఖానాలోని ఇద్దరు మనుషులు ఇనుప రాడ్ తెచ్చి ఒక మూల పైకి లేపారు. పాక్కుంటూ లోపలికి పోయి, గొళ్లెం తీసి, వెనక గదికి పోయాం. పెట్టె మూసి ఉంది. కంప్యూటర్ చల్లగా పడి ఉంది. హుడ్ వెనక్కి లాగితే వెంటనే జరిగింది. ముజీబ్ భాయ్ సీట్లో తల పక్కకు వాల్చి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. పిలిస్తే పలకలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది, అదీ ఎప్పుడో ఒకసారి.

ముగ్గురం కలిసి బయటికి మోసుకొచ్చి ఆటోలో వేసుకుని దగ్గర్లోని దవాఖానకు పోయాం. ఆక్సిజన్ పెట్టారు. జనరేటర్ పొగలో వాసన తెలియని విషం ఉంటుందని, మూసి ఉన్న గదిలో మనిషికి తెలియకుండానే మత్తు కమ్మేస్తుందని డాక్టర్ చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదంది. చాలాసేపటి నుంచి స్పృహ లేదని కూడా అంది. నేను ఆ మాట దగ్గర ఆగి, గంట కిందట మాట్లాడాడు మేడం అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. ఈ స్థితిలో ఉన్న మనిషి మాట్లాడడం కుదరదని, ఇంకెవరో అయి ఉంటారని చెప్పి లోపలికి పోయింది.

ముజీబ్ భాయ్ భార్య, మా భాభీ, వచ్చింది. ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది, కట్టు కట్టిన చెయ్యే. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. ఫోన్ ఎత్తకపోతే అనుమానం వచ్చి వచ్చానని మాత్రం అన్నాను.

సుధాకర్ కూడా పరుగెత్తుకొచ్చాడు. వాడిని పక్కకు తీసుకుపోయి, ముజీబ్ భాయ్ అంత మొత్తుకుంటుంటే ఎందుకు జవాబివ్వలేదని గట్టిగానే అడిగాను. వాడు తెల్లబోయాడు. వాడు చెప్పింది ఇది. మేం మబ్బులోకి పోయిన కాసేపటికే తెర మీద ఆటగాళ్ల పేర్లలోంచి ముజీబ్ భాయ్ పేరు పోయింది. మబ్బులో కొండను గుద్దుకుని చచ్చాడు, చిరాకుతో కంప్యూటర్ బంద్ చేసి ఉంటాడు, అయినా రూల్ ప్రకారం సీట్లో కూర్చునే ఉంటాడు అనుకున్నాడు. చచ్చినవాణ్ని పలకరించకూడదు కాబట్టి అడగలేదు. ఆ తర్వాత రేడియోలో ఆయన గొంతు ఒక్కసారి కూడా రాలేదని దేవుడి మీద ఒట్టు వేశాడు. నేను మైకులో భాయ్ ఏమైంది అని అడిగింది మాత్రం వాడికి వినబడింది. రూల్ తప్పానని కోపంతో నా మైకు వినబడకుండా తన వైపు బంద్ చేశాడట.

మా రూలే ఆయన్ను చంపబోయిందని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఇంకే ముగ్గురు స్నేహితులైనా, ఒకడు ఉన్నట్టుండి మాయమైతే ఫోన్ చేసి అడుగుతారు. మేం మాత్రం బుద్ధిగా కూర్చున్నాడు అనుకున్నాం.

ముజీబ్ భాయ్‌కి చీకటిపడే వేళకు తెలివి వచ్చింది. మెల్లగా రెండు మాటలు చెప్పాడు. మబ్బులో ఉండగానే కరెంటు పోయింది. ఐదు నిమిషాల్లో వస్తుందిలే అని హుడ్ కూడా తీయకుండా కూర్చున్నాడు. తల బరువెక్కింది. లేద్దామనుకుంటే చెయ్యి మాట వినలేదు. మూత ఒకసారి నూకినట్టు గుర్తు. తర్వాత ఏమీ తెలియదు. నన్ను పిలిచావా భాయ్ అని అడిగాను. లేదన్నాడు. కరెంటే లేదు కదా, ఎట్లా పిలుస్తా అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. సాయంత్రం పాలు బాపు ఒక్కడే పిండుకున్నాడు.  లత నా చేతికి మళ్లీ కట్టు కట్టింది. క్యాన్ల గదిలో కంప్యూటర్ నడుస్తూనే ఉంది, బంద్ చేసి వస్తానని పోయాను.

సుధాకర్ తన వైపు ఆట ఎప్పుడో బంద్ చేశాడు. నా తెర మీద కనెక్షన్ పోయిందన్న చిన్న మాట తప్ప ఇంకేం లేదు. హెడ్‌ఫోన్ సీటు మీద నేను పడేసి పోయినట్టే ఉంది. దాన్ని తీసి కొక్కేనికి తగిలించబోతుంటే అందులోంచి సన్నగా సప్పుడు వచ్చింది. చెవికి పెట్టుకున్నాను.

ఊపిరి వస్తోంది. వెనక మోటారు సప్పుడు లేదు. ఉత్త ఊపిరి.

"హుడ్ జరుగుతలేదు మల్లేశ్."

అదే గొంతు. గంట కిందట దవాఖాన మంచం మీద నాతో మాట్లాడిన గొంతు. నేను పారిపోవాల్సింది. ఎందుకో పారిపోలేదు. ఆ గొంతులో అంత అలసట ఉంది, దానికి జవాబివ్వకపోతే పాపం అనిపించింది. మైకు దగ్గరికి లాక్కున్నాను. 

"భాయ్, నువ్వు దవాఖానల ఉన్నవు. నేనే తీస్కపోయిన. మంచిగున్నవు."

ఊపిరి ఆగింది. తెగిపోయిందేమో అనుకున్నాను.

"మరి ఈడ ఉన్నదెవరు?" అని ఆ గొంతు అడిగింది.

నేను గోడలోంచి వైరు పీకేశాను. ఆలోచించి చేసింది కాదు. చెయ్యే పోయి పీకింది. తెర ఆరిపోయింది. బయటికి వచ్చి ఇనుప తలుపు వేసి, గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. లత వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాను. మొత్తం ఆమెకు చెప్పాను. ఆమె ఈసారి ఎగతాళి చేయలేదు.

దీనికి నేను వెతకని కారణం లేదు. చీకట్లో కూర్చుంటే మెదడు ఏవేవో వినిపిస్తుందంటారు. సరే, అయి ఉండొచ్చు. అయితే చేయి లేవడం లేదని, మోటారు పక్కనే ఉందని నా మెదడుకు కార్వాన్‌లో కూర్చుంటే ఎట్లా తెలిసింది? వేరే ఎవరివో రేడియో మాటలు మా దాంట్లో కలిశాయని సుధాకర్ అన్నాడు. నా పేరు వాళ్లకెట్లా తెలుసు అన్నాను. ఆ సాయంత్రం సంగతి వాడికి చెప్పనే లేదు.

ముజీబ్ భాయ్ పూర్తిగా కోలుకున్నాడు. ఆ రూల్ తనే తీసేశాడు. తన పెట్టెకు మూత పీకేసి, గదికి గాలి వచ్చేట్టు గోడ పగలగొట్టించి ఫ్యాన్ పెట్టించాడు. మళ్లీ ఎప్పుడు ఎగురుదామని వారానికోసారి అడుగుతాడు. కంప్యూటర్ ఖరాబైందని చెబుతున్నాను. అది ఖరాబు కాలేదు. ఆ గది గొళ్లెం నేను తీయలేదు, అంతే. పక్క నుంచి పోయేటప్పుడు ఒక్కోసారి తలుపు మీద చెయ్యి పెడతాను. తీయాలనీ ఉంటుంది, తీస్తే ఏం వింటానో అని భయమూ ఉంటుంది.

దుకాణానికి పోయినప్పుడల్లా ముజీబ్ భాయ్ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, నా ప్రాణం నిలబెట్టింది ఈయనే అని చెబుతాడు. భాభీ నాకోసం టిఫిన్ డబ్బా పంపిస్తుంది. నాకు సిగ్గుగా ఉంటుంది. దుకాణంలో ఇరుక్కున్న మనిషిని నేను బయటికి తీశాను, అది నిజమే. కానీ నన్ను పేరు పెట్టి పిలిచి, చచ్చినా సరే లే అని లేపింది ఎవరో నాకు తెలియదు. నేను వైరు పీకే వేళకు అతను ఇంకా ఆ మూత లోపలే ఉన్నాడు.